చిల్లుల కుండ: పచ్చిమట్టి ఎప్పుడు ఒప్పుకుంటుంది, ఎప్పుడు పగిలిపోద్ది

దీపావళికి వారం పది రోజుల ముందు నుంచే విజయవాడ, గుంటూరు రోడ్ల పక్కన ప్రమిదలు కుప్పలు పోసి అమ్ముతారు కదా, వాటి పక్కనే ఈమధ్య చిల్లుల దీపాలు కూడా కనపడుతున్నాయి, చిన్న కుండలాగా ఉండి ఒంటినిండా బెజ్జాలుంటాయి, లోపల దీపం పెడితే గోడంతా వెలుగు చుక్కలు పడతాయి. చూసినవాళ్ళు ఎక్కువమంది అనేది ఏంటంటే, కుండ చేసేశాక చిల్లులు పొడవడమేగా, దాంట్లో ఏముంది అని. కానీ సారె మీద కుండ లేపడం వచ్చినవాళ్ళకి కూడా ఈ పని మొదట్లో చేతికి చిక్కదు. మొదటి చిల్లు పడ్డ దగ్గర నుంచి ఆ కుండ ఆరే తీరు మారిపోద్ది, బరువు మోసే తీరు మారిపోద్ది, ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, కాలే తీరు కూడా మారిపోద్ది. ఈ మూడిటినీ నడిపేది ఒక్కటే, కోసే టైమ్‌కి మట్టిలో ఇంకా ఎంత నీరుంది, అది ఎంత సమానంగా ఉంది అన్నది. డిజైన్, టూల్స్, చెయ్యి తిరగడం ఇవన్నీ దాని తర్వాతే వస్తాయి.

చిల్లుల పాత్ర మనకి కొత్తేం కాదు. బొగ్గుల కుంపటి వాడిన ఇళ్ళల్లో తెలుసు, మధ్యలో చిల్లుల పళ్ళెం లాంటిది ఉంటుంది, బొగ్గులు పైన ఆగుతాయి, బూడిద కిందకి రాలుతుంది, కింద నోట్లోంచి గాలి పైకి లాగుతుంది. కార్తీకమాసంలో గుడి ధ్వజస్తంభానికి కట్టే ఆకాశదీపం ఇత్తడిదే అయినా అందులో ఉన్న ఉపాయం ఇదే, చిన్న చిన్న రంధ్రాలున్న పాత్రలో దీపం పెట్టి పైకి లాగుతారు, గాలికి ఆరిపోదు, వెలుగు మాత్రం బయటికొస్తుంది. మన ఇంద్రకీలాద్రి మీద దసరా జరిగే ఆ తొమ్మిది రాత్రులే గుజరాత్‌లో గర్బో అని చిల్లుల మట్టికుండలో దీపం పెట్టి దాని చుట్టూ ఆడతారు, గర్బా అనే ఆట పేరు అక్కడిదే. ఇంకా వెనక్కి వెళ్తే హరప్పా, మొహెంజొదారోల్లో గొట్టం లాంటి పొడవాటి కుండలు దొరికాయి, 4000 ఏళ్ళు దాటినవి, పైనుంచి కిందదాకా చిల్లులే, వడకట్టడానికి వాడారని కొందరంటారు, ఇంకేదో అని ఇంకొందరు, ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

వీటన్నిట్లో చిల్లు అంటే అవసరం. అందం కోసం కోయడం ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పడం కష్టం గానీ, అవసరమూ అందమూ ఒకే చోట కలిసిన ఉదాహరణ కావాలంటే మాత్రం ఈజిప్టులో పాత కైరో దగ్గర ఫుస్తాత్‌లో దొరికిన నీళ్ళకూజాలు చూడాలి. ఈజిప్టుని ఏలిన ఫాతిమిద్‌ల కాలంలో, అంటే 10 నుంచి 12వ శతాబ్దం మధ్యలో, కూజా మెడ లోపల చిన్న మట్టి జల్లెడ పెట్టేవాళ్ళు, పురుగూ పుట్రా నీళ్ళల్లో పడకుండా. ఆ జల్లెడకి ఏవో నాలుగు బెజ్జాలు పొడిస్తే సరిపోయేది, కానీ వాళ్ళు పక్షుల్ని కోశారు, చేపల్ని, ఏనుగుల్ని, అరబిక్ అక్షరాల్ని కోశారు. అది బయట నుంచి కనపడదు, కూజా నోట్లోకి తొంగిచూసేవాళ్ళకే కనపడుతుంది. రోజూ నీళ్ళు తాగే చవక కూజాకి అంత పనితనం పెట్టారంటే, ఈ కళకి పెద్ద రాజదర్బారు అక్కర్లేదని అర్థమవుతుంది, మన కూజాలు చేసే చోట్ల కూడా ఇది ఎందుకు ప్రయత్నించకూడదు అనిపిస్తుంది.

ఇక మట్టి సంగతి. బంకమట్టి అంటే కంటికి కనపడనంత సన్నటి పలకల్లాంటి రేణువులు, వాటి మధ్య నీటి పొర. ఆ పొర ఉండబట్టే పలకలు ఒకదాని మీద ఒకటి జారతాయి, అందుకే సారె మీద మట్టి చెప్పినట్టు వింటుంది. ఆరేకొద్దీ పొర పల్చబడి పలకలు దగ్గరకి జరుగుతాయి, కుండ చిన్నదవుతుంది. ఒక దశకి వచ్చాక రేణువులు ఒకదానికొకటి ఆనుకుంటాయి, అక్కడితో కుంచించుకోవడం దాదాపు ఆగిపోతుంది, ఆ తర్వాత పోయే నీరు సందుల్లోంచి పోతుందే గానీ సైజు పెద్దగా తగ్గదు. చిల్లులు కోయాల్సింది ఆ దశ రావడానికి కాస్త ముందు, కుండ తన ఆకారాన్ని తాను మోయగలిగి కూడా ఇంకా కత్తికి లొంగే టైమ్‌లో. స్టూడియోల్లో దీన్నే లెదర్ హార్డ్ అంటారు.

ఈ టైమ్ ఎలా ఉంటుందో వంటింట్లో మైసూర్‌పాక్ చేసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పళ్ళెంలో పోసిన వెంటనే గాట్లు పెడితే కత్తికి అంటుకుని గాటు మళ్ళీ మూసుకుపోద్ది, బాగా చల్లారాక పెడితే పొడిపొడిగా రాలిపోద్ది, మధ్యలో కాసేపు మాత్రమే గీత గీసినట్టు తెగుతుంది. మట్టి అంతే. చిల్లు కోసే సన్నటి గొట్టం గుచ్చి తిప్పి లాగితే లోపలి మట్టిబిళ్ళ ఒక్క ముక్కగా బయటికి రావాలి, చిల్లు అంచు నున్నగా ఉండాలి. బిళ్ళ రాకుండా మట్టి సాగుతుంటే, చిల్లు చుట్టూ గోడ లోపలికి కుంగుతుంటే ఇంకా తడి ఎక్కువుందని, అంచు పలుకులుగా ఊడుతుంటే టైమ్ దాటిపోయిందని. బొటనవేలితో నొక్కితే గుంట పడకూడదు, గోరు పెడితే గీత పడాలి, రోజూ చేసేవాళ్ళకి ఈ పరీక్ష చాలు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 20 సెంటీమీటర్ల వెడల్పు కుండ మీద వరసకి 24 చొప్పున 8 వరసలు అనుకుంటే 192 చిల్లులు, ఒక్కోదానికి అర నిమిషం వేసుకున్నా గంటన్నర దాటుద్ది, కత్తితో ఆకులూ రేకులూ కోస్తే ఇంకా ఎక్కువ. మరి మే నెలలో మన దగ్గర 40 దాటి ఒక్కోసారి 45 డిగ్రీల దాకా వెళ్తుంది, పైగా వడగాలి, అలాంటి రోజున పల్చటి గోడ అనువైన స్థితిలో గంటన్నర నిలవదు. పై వరస కోసి కింద వరసకి వచ్చేసరికి పైది ఎండిపోయి ఉంటుంది, లేదా అంచు ఎండి అడుగు ఇంకా పచ్చిగా ఉంటుంది. అంటే పనికి పట్టే టైమ్ కన్నా మట్టి ఇచ్చే టైమ్ తక్కువ. చాలామంది చెయ్యి వణికిందనో టూల్ బాలేదనో అనుకునే పగుళ్ళు ఎక్కువ భాగం ఈ లెక్క తేడా వల్లే వస్తాయి. దీనికి మందు వేగంగా కోయడం కాదు, మట్టి టైమ్‌ని సాగదీయడం, కుండని తడిగుడ్డలో చుట్టి పైన పాలిథిన్ కవర్ కప్పి, ఒక్కో పట్టె వరకే తెరిచి కోసి మళ్ళీ కప్పేయడం, ఫ్యాన్ ఆపేయడం, ఎండాకాలం అయితే తెల్లవారుజామునో రాత్రో కూర్చోవడం. సగంలో ఆపాల్సి వస్తే మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో అడుగున తడి స్పాంజి పెట్టి కుండని అందులో ఉంచితే రోజుల తరబడి అదే స్థితిలో ఉంటుంది.

వానాకాలంలో దీనికి సరిగ్గా ఎదురు. ఆగస్టు, సెప్టెంబర్‌లో గాల్లోనే తేమ ఉంటుంది, కుండ రెండ్రోజులైనా కోతకి రాదు, తొందరపడి ఫ్యాన్ పెడితే గాలి తగిలే వైపు ఆరి వెనక వైపు పచ్చిగా ఉండి కుండ ఒక పక్కకి లాగేసినట్టు అవుద్ది. నిజానికి ఈ పనికి మన వైపు హాయిగా ఉండేది నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, కానీ అమ్ముడుపోయేది దసరాకీ దీపావళికీ కార్తీకానికీ, అంటే సరుకు తయారవ్వాల్సింది వానల్లో. గిరాకీ ఒక కాలంలో, మట్టి అనుకూలించేది ఇంకో కాలంలో, చేసేవాళ్ళు నలిగేది ఈ రెండిటి మధ్య. చలికాలంలోనే చేసి కాల్చి దాచుకుంటే ఈ బాధ తప్పుతుంది, కాలిన మట్టి పాడయ్యేది కాదు, కాకపోతే పది నెలలు పెట్టుబడి కట్టేసుకోవాలి, పెట్టుకోవడానికి చోటు కావాలి, చిన్న పనివాళ్ళకి అది తేలిక కాదు.

ఇంకో విషయం ఇక్కడి మట్టే. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ, నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది, ఎండాకాలం పొలంలో చూస్తే తెలిసిపోద్ది. అలాంటి మట్టితో మామూలు కుండే కష్టం, చిల్లుల కుండ అయితే ఇంక చెప్పక్కర్లేదు, అందుకే చెరువు మట్టో కాలవ పక్క ఒండ్రుమట్టో తెచ్చి దానికి ఇసుకా, కాలిన పెంకుల పొడీ కలుపుతారు, అవి కుంచించుకోవు కాబట్టి మొత్తం మీద లాగుడు తగ్గుతుంది. అయితే చిల్లుల పనిలో దీనికో ఇబ్బంది ఉంది, పెంకు పొడి ముతకగా ఉంటే కత్తి దారిలో పలుకు తగిలి అంచు చీరుకుపోద్ది, ఊక కలిపితే కాలాక ఊక ఉన్నచోట ఖాళీ మిగిలి చిల్లుకీ చిల్లుకీ మధ్య ఉండే సన్నటి మట్టి పట్టీలు బలహీనపడతాయి. పొడిని మైదా జల్లెడలో పట్టి సన్నటిది మాత్రమే కలపడం మంచిది, కలిపేది కాస్త తక్కువైనా పర్లేదు.

సున్నం ఇంకా మోసకారి. పల్నాడు వైపు సున్నపురాయి ఎంత ఉందో పిడుగురాళ్ళ పేరు చెబితే చాలు, నల్లరేగడిలో కూడా సున్నపు గులకలు చిన్నచిన్నవి ఉంటాయి. 800 డిగ్రీలు దాటే కాల్పులో ఆ గులక పొడిసున్నంగా మారుతుంది, ఆవం నుంచి తీసినప్పుడు కుండ బ్రహ్మాండంగా ఉంటుంది, ఆ తర్వాత గాల్లో తేమ పీల్చుకుని కొన్ని రోజులకి ఉబ్బి పైన మట్టిని పెచ్చులా ఎగరగొడుతుంది. మామూలు కుండకైతే చిన్న గుంట పడి ఊరుకుంటుంది, 4 మిల్లీమీటర్ల పట్టీలో అదే జరిగితే పట్టీ తెగిపోద్ది. కొన్నవాళ్ళింట్లో ఊరికే షెల్ఫ్ మీద ఉన్నది విరిగింది అంటే చాలాసార్లు కారణం ఇదే. మట్టిని నీళ్ళల్లో పలచగా కలిపి సన్న జల్లెడలో వడగట్టి, పైనీళ్ళు తేరాక తీసేసి మళ్ళీ గట్టిపరిచి వాడితే ఈ పీడ పోతుంది, పని పెరుగుద్ది నిజమే, కానీ చిల్లుల పనికి వడగట్టని మట్టి వాడకూడదు.

సారె మీద లేపేటప్పుడే చిల్లుల సంగతి మనసులో ఉండాలి. గోడ మామూలు కన్నా కాస్త మందంగా, 5 లేదా 6 మిల్లీమీటర్లు, అంతకన్నా ముఖ్యంగా పైనుంచి కిందదాకా ఒకే మందం. చెయ్యి కొత్తలో అడుగు మందంగా భుజం పల్చగా వస్తుంది, చిల్లులు లేని కుండకి అది చెల్లిపోద్ది, ఇక్కడ చెల్లదు, పల్చటి చోటు ముందు ఆరి ముందు లాగుతుంది. ఆకారం కూడా ముఖ్యమే, గుండ్రంగా లోపలికి ముడుచుకునే కుండలో పై బరువు కమానులో రాళ్ళ లాగా పక్కలకి పంచుకుంటుంది, నోరు విచ్చుకున్న గిన్నె అలా కాదు, దానికి చిల్లులు ఎక్కువ పెడితే అంచు అలలు పోతుంది. ఏ ఆకారమైనా నోటి అంచు దగ్గర ఒకటిన్నర రెండు సెంటీమీటర్లు, అడుగు దగ్గర అంతే, చిల్లు లేకుండా వదిలేయాలి, ఇంటికి బీమ్ ఎలాగో కుండకి ఆ వలయాలు అలాగ. పల్చటి అందం కోసం అంచు దాకా కోసేవాళ్ళున్నారు, ఫోటోకి బాగుంటుంది గానీ ఆవం దాటి రావడం అరుదు.

డిజైన్ పెట్టుకోవడానికి మన చేతిలో ఉన్న విద్య చుక్కల ముగ్గు. ఎదురు చుక్క అంటే చుక్క కింద చుక్క, సందు చుక్క అంటే పై రెండు చుక్కల సందులోకి కింద చుక్క. చిల్లులకి సందు చుక్క మేలు, దానికి లెక్క ఉంది, ఎదురు చుక్కలో ఒక చిల్లు నుంచి దాని పక్కదానికీ, కిందదానికీ దూరం తక్కువ, మూలగా ఉన్నదానికి ఎక్కువ, అంటే మట్టి కొన్నిచోట్ల సన్నం కొన్నిచోట్ల వెడల్పు. సందు చుక్క సరిగ్గా పడితే ఒక చిల్లు చుట్టూ ఆరు చిల్లులూ సమాన దూరంలో ఉంటాయి, పట్టీలన్నీ ఒకే వెడల్పు, ఒకేసారి ఆరతాయి. కొరియాలో 4 నుంచి 6వ శతాబ్దం మధ్య చేసిన పీఠం పాత్రల్లో ఈ తేడా కళ్ళకి కడుతుంది, పాత్ర కింద ఎత్తయిన పీఠానికి కిటికీల్లాంటి చిల్లులు కోసేవాళ్ళు, గాయా రాజ్యం వైపు చేసినవాటిలో పై కిటికీ కింద సరిగ్గా కింది కిటికీ ఉంటుంది, సిల్లా వైపువాటిలో ఒకటి విడిచి ఒకటిగా ఉంటాయి. పురావస్తువాళ్ళు పెంకు చూసి ఏ వైపుదో చెప్పడానికి దీన్ని గుర్తుగా వాడతారు. ముగ్గు భాషలో చెప్పాలంటే ఒకరిది ఎదురు చుక్క, ఇంకొకరిది సందు చుక్క.

వాకిట్లో ముగ్గుకి లేని సమస్య కుండకి ఒకటుంది, వాకిలి చదును, కుండ గుండ్రం. పొట్ట దగ్గర 20 సెంటీమీటర్ల వెడల్పుంటే చుట్టుకొలత దాదాపు 63, దాన్ని 24 భాగాలు చేస్తే చుక్కకీ చుక్కకీ 26 మిల్లీమీటర్లు, 12 మిల్లీమీటర్ల చిల్లు పెడితే మధ్యలో 14 మిగులుతుంది. అదే మెడ దగ్గర వెడల్పు 12 సెంటీమీటర్లైతే చుట్టుకొలత 38 కూడా ఉండదు, అవే 24 భాగాలు, అదే చిల్లు, మిగిలే పట్టీ 4 మిల్లీమీటర్ల లోపే. అక్కడే తెగుద్ది. పైకి వెళ్ళేకొద్దీ చిల్లు చిన్నది చేయాలి, లేదా ఒక వరస తర్వాత సంఖ్యని సగం చేయాలి, రెండోది సందు చుక్కలో బాగా కుదురుతుంది. కొలవడానికి పేపర్ పట్టీని కుండ చుట్టూ చుట్టి, తీసి, సగానికి సగం మడతలు పెడితే 8, 16, 32 భాగాలు వచ్చేస్తాయి, 24 కావాలంటే ముందు మూడు సమాన భాగాలుగా మడిచి, తర్వాత మూడుసార్లు సగానికి మడవాలి. ఇంగ్లండ్‌లో రాయల్ వూస్టర్ ఫ్యాక్టరీలో జార్జ్ ఓవెన్ అని ఒకాయన (1845–1917) పోర్సిలిన్ మీద తేనెపట్టు లాంటి సన్నటి చిల్లులు కోసి పేరు తెచ్చుకున్నాడు, గుర్తులు కూడా పెట్టుకోకుండా కంటి అంచనాతోనే కోసేవాడని చెబుతారు, ఆయన కోసినవి అచ్చులో పోసినవి, సారె మీదవి కాదు. అయినా గీత లేకుండా పెద్ద ముగ్గు వేసే చేతులు ప్రతి వీధిలో ఉన్న ఊళ్ళల్లో ఇది నమ్మలేనంత విషయమేం కాదు.

కోతకి ఖరీదైన సామాను అక్కర్లేదు. పుల్లతో గుచ్చడం మాత్రం వద్దు, పుల్ల మట్టిని తీసేయదు, పక్కకి తోస్తుంది, పక్క పట్టీ మీద ఒత్తిడి పడి కంటికి కనపడని చీలిక ఏర్పడుతుంది, అది ఆరాకో కాలాకో బయటపడుతుంది. గొట్టం అయితే మట్టిబిళ్ళని కోసి బయటికి తెస్తుంది, పాత రేడియో ఏరియల్ గొట్టాలు, స్టీల్ స్ట్రాలు, ఖాళీ రీఫిల్, ఏదైనా అంచు పదును పెట్టుకుని తడిపి గుచ్చి తిప్పి తీయాలి, ప్రతి రెండు మూడు చిల్లులకి లోపల ఇరుక్కున్న మట్టి తోసేయాలి. ఆకు, రేకు, వజ్రం లాంటి మూలలున్న ఆకారాలకి పల్చటి కత్తి, విరిగిన హ్యాక్సా బ్లేడు పదును పెట్టినా పనికొస్తుంది. మూల దగ్గర ఒక జాగ్రత్త, ముందు అక్కడ చిన్న గుండ్రటి బెజ్జం వేసి తర్వాత బెజ్జానికీ బెజ్జానికీ మధ్య కోయాలి. పగులు ఎప్పుడూ పదునైన మూల నుంచే మొదలవుద్ది, గుండ్రటి అంచు దగ్గర లాగుడు చెదిరిపోద్ది. ఆటోనగర్‌లో లారీ రేకుకి పగులొస్తే దాని చివర డ్రిల్లుతో చిన్న బెజ్జం వేసి ఆపుతారు కదా, అదే సూత్రం, రేకుకి పగిలాక చేస్తారు, మట్టికి పగలకముందే చేయాలి.

కోసే వరస కూడా ముఖ్యం, పక్కపక్కవి వరసగా కోసుకుంటూ పోతే అరగంటకల్లా ఒక వైపు జల్లెడ ఇంకో వైపు గోడ అయిపోయి కుండ వాలుతుంది, ఒకటి విడిచి ఒకటి కోసి, కుండ తిప్పి ఎదుటి వైపు కోసి, తర్వాత విడిచినవి కోయాలి. లోపలికి చెయ్యి పట్టే నోరైతే వెనక నుంచి వేలు ఆనించాలి. చిల్లు అంచున లేచే గరుకుని అప్పుడే తడిచేత్తో రుద్దితే చిల్లు పూడిపోద్ది, దాన్ని వదిలేసి కుండ బాగా ఆరబోయే ముందు తడి స్పాంజితో తేలిగ్గా తుడిస్తే చాలు. పూర్తిగా ఎండాక గీకితే సన్నటి దుమ్ము లేస్తుంది, అందులో సిలికా ఉంటుంది, ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, ఇంట్లో చేసేవాళ్ళు దీన్ని పట్టించుకోవడం లేదు, పట్టించుకోవాలి.

150వ చిల్లు దగ్గర పట్టీ ఒకటి తెగితే ఏం చేయాలి? కుమ్మరికి ఏడాది, గుదియకి ఒక పెట్టు అని సామెత ఉండనే ఉంది. తెగిన పట్టీని పలచటి మట్టితో అతికించడం చాలామంది చేస్తారు, అతుకు తడి, పట్టీ పొడి, రెండూ వేర్వేరుగా లాగుకుని మళ్ళీ అక్కడే తెగుతుంది. దానికన్నా ఆ రెండు చిల్లుల్నీ ఒకే పెద్ద ఆకారంగా కోసేసి, కుండ చుట్టూ సమాన దూరంలో ఇంకో మూడు చోట్ల అలాగే చేస్తే డిజైన్‌లో కలిసిపోతుంది, బలం లెక్క కూడా నాలుగు వైపులా సమానంగా ఉంటుంది.

ఆరబెట్టడం కోతంత పని. చిల్లుల భాగానికి గాలి తగిలే అంచులు ఎక్కువ, త్వరగా ఆరుతుంది, అడుగు మందంగా మూసుకుని ఉంటుంది, నిదానంగా ఆరుతుంది. పట్టీలు కుంచించుకోవడం అయిపోయాక అడుగు కుంచించుకోవడం మొదలెడితే మధ్యలో ఉన్నవి తెగుతాయి. కాబట్టి పైభాగానికి న్యూస్‌పేపర్, కవర్ కప్పి, కుండని చెక్క పుల్లల మీద ఎత్తి పెట్టి అడుక్కి గాలి తగలనివ్వాలి, వారం పట్టినా పట్టనీ. ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చుకోవాలి, మట్టి కుంచించుకుంటే చిల్లు పెద్దదవుతుందని చాలామంది అనుకుంటారు, అవ్వదు, చిల్లు కూడా కుండతో పాటు అదే నిష్పత్తిలో చిన్నదవుతుంది. ఆరడం కాలడం కలిపి 12 శాతం తగ్గే మట్టైతే 12 మిల్లీమీటర్ల చిల్లు పదిన్నర అవుతుంది, దీపం లోపల పెట్టడానికి 4 సెంటీమీటర్ల దారి కావాలంటే పచ్చిలో నాలుగున్నర కోయాలి.

కాల్చడంలో చిల్లుల కుండకి ఒక లాభం ఉంది, ఆవిరి బయటికి పోవడానికి దారులెక్కువ. పచ్చికుండ ఆవంలో పేలేది గాలి బుడగ వల్ల అంటారు గానీ పేల్చేది 100 డిగ్రీల దగ్గర ఆవిరయ్యే నీరే, పూర్తిగా ఆరినది పేలదు. నష్టం ఏంటంటే 573 డిగ్రీల దగ్గర మట్టిలోని ఇసుక రేణువు ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే మళ్ళీ తగ్గుతుంది, వేడి ఎక్కడం దిగడం ఆ చోట నిదానంగా లేకపోతే సన్నటి పట్టీలు ముందు పోతాయి. గడ్డీ కట్టెలతో కాల్చే ఊరి ఆవంలో మంట ఒక వైపు ఎగదన్నుతుంది, చిల్లుల కుండల్ని మధ్యలో, చుట్టూ పెద్ద కుండలు పెట్టి పేర్చాలి. 1200 దాటే స్టోన్‌వేర్ కాల్పులో, అంటే మట్టిని రాయిలా గట్టిపరిచే కాల్పులో, మట్టి కాస్త మెత్తబడుతుంది, చిల్లులెక్కువైన గోడ కుంగిపోద్ది, మన ఎర్రమట్టికి 900, 1000 మధ్యలో కాలుస్తాం కాబట్టి ఆ భయం తక్కువ. గ్లేజ్‌లో, అంటే కాలాక గాజులా మారే పూతలో, ముంచితే చిన్న చిల్లులు పూడుకుపోతాయి, కావాలని అలా పూడ్చేవాళ్ళూ ఉన్నారు, 12వ శతాబ్దపు ఇరాన్‌లో, తర్వాత చైనాలో జింగ్‌డెజెన్‌లో బియ్యపుగింజంత చిల్లులు కోసి పారదర్శకమైన గ్లేజ్‌తో నింపేవాళ్ళు, వెలుతురుకి పట్టి చూస్తే గింజలు మెరుస్తాయి, జపాన్‌లో ఆ పనిని మిణుగురు పేరుతో పిలుస్తారు, అలాంటి గిన్నెలో చారు పోసుకున్నా కారదు.

చివరికి దీపం. చాలామంది పట్టించుకోనిది ఇదే, నక్షత్రం ఆకారంలో 3 మిల్లీమీటర్ల చిల్లు ఎంత కష్టపడి కోసినా దూరపు గోడ మీద నక్షత్రం పడదు. చిన్న చిల్లు కెమెరాలా పనిచేస్తుంది, గోడ మీద పడేది తలకిందులైన మంట బొమ్మ. మంట నుంచి కుండ గోడ 6 సెంటీమీటర్లు, అక్కడి నుంచి గది గోడ 60 అనుకుంటే 2 సెంటీమీటర్ల మంట అక్కడ 20 సెంటీమీటర్ల మసక మరకలా పరుచుకుంటుంది, చిల్లు ఆకారం దాంట్లో కరిగిపోతుంది. అందుకే నూనె దీపానికి గుండ్రటి చిల్లులు చాలు, సన్నటి ఆకారాలు కోయాలనుకుంటే లోపల చిన్న ఎల్ఈడీ పెట్టేవాళ్ళ కోసం కోయాలి, దాని వెలుగు చుక్కంత ఉంటుంది కాబట్టి నీడ పదునుగా పడుతుంది. గోడ మందం కూడా అడ్డమే, 6 మిల్లీమీటర్ల గోడలో 3 మిల్లీమీటర్ల చిల్లు ఒక చిన్న సొరంగం, మంట దానికి దాదాపు ఎదురుగా లేకపోతే, 27 డిగ్రీలకి మించి పక్కకి ఉంటే, వెలుగు నేరుగా రాదు. కోసేటప్పుడే గొట్టాన్ని గోడకి నిటారుగా కాకుండా లోపల మంట ఉండబోయే చోటు వైపు గురిపెట్టి కోస్తే అన్ని చిల్లులూ వెలుగుతాయి.

మంటకి గాలి కావాలి, కింద వరసలో కొన్ని చిల్లులు మంట కన్నా దిగువన ఉంటే చల్లగాలి అక్కడ లోపలికి వచ్చి వేడిగాలి పైనుంచి పోతుంది, కుంపటి సూత్రమే, కింద చిల్లు లేకుండా పైన మూత పెడితే దీపం మసిబారి కొండెక్కుతుంది. సాంబ్రాణి ధూపానికి చేసే కుండకి కూడా ఇదే వర్తిస్తుంది. సియోల్ నేషనల్ మ్యూజియంలో 12వ శతాబ్దంలో కొరియాని ఏలిన కొర్యో రాజుల కాలపు సెలడాన్ (లేత ఆకుపచ్చ గ్లేజ్) ధూపపాత్ర ఒకటుంది, మూడు కుందేళ్ళు మోస్తుంటాయి, పైన మూత ఒకదానిలో ఒకటి పెనవేసుకున్న వలయాలతో జల్లెడలా కోసిన బంతి, పొగ ఆ వలయాల్లోంచి వస్తుంది.

కొనేవాళ్ళకి ఒక మాట, అచ్చులో పోసినదైతే లోపల నున్నగా ఉండి ఎక్కడో నిలువు అతుకు గీత కనపడుతుంది, సారె మీదదైతే లోపల వేలి గీతలు చుట్లు చుట్లుగా తెలుస్తాయి. రెండూ మంచివే గానీ ధర ఒకటి కాదు, ప్రమిద రేటుతో పోల్చి బేరమాడితే రెండు గంటల కోత, వారం రోజుల కాపలా లెక్కలోకి రానట్టే. వెలిగించేటప్పుడు నూనె నేరుగా కుండలో పోయొద్దు, మట్టి పీల్చేసి అడుగు జిడ్డు కారుతుంది, లోపల చిన్న ప్రమిద పెట్టాలి. కొత్త ప్రమిదని పూటంతా నీళ్ళల్లో నానబెట్టి ఆరనిస్తే నూనె తాగదని ఇంట్లో పెద్దవాళ్ళు చేసేదే, ప్రమిదకి అలాగే చేయాలి, చిల్లుల కుండకి నూనె తగలదు కాబట్టి దాన్ని నానబెట్టక్కర్లేదు, పొడిగుడ్డతో తుడిచి పెడితే చాలు.